మామయ్యగారి కంటి చుక్కలు, ఆడపడుచు రెప్ప వెంట్రుకలు

పొద్దున్నే ఐదున్నరకి వాట్సాప్ కాల్. ఆ టైములో ఫోన్ మోగితే గుండె ఎక్కడికి జారుతుందో ఇంట్లో పెద్దవాళ్ళున్న ఎవరికైనా తెలుసు. పొయ్యి మీద పాలు వదిలేసి పరిగెత్తాను. చూస్తే అమెరికాలోని ఫ్రిస్కో నుంచి మా ఆడపడుచు. అక్కడ సాయంత్రం ఏడు, తీరిగ్గా కాళ్ళు చాపుకుని కూర్చునే వేళ. ఇక్కడ టైమెంతో పద్నాలుగేళ్ళుగా లెక్క వేసుకోలేదు, ఇవాళ వేసుకుంటుందా!

“వదినా, నాన్నకి రాత్రిపూట చుక్కలు వేస్తావు కదా, ఆ మందు పేరేంటి?”

నా పిచ్చి కాకపోతే, నాకు నిజంగా గొంతు పట్టేసింది. మామయ్యగారి కంటి గురించి ఆ పిల్ల నోరు తెరిచి అడగడం నాలుగేళ్ళలో ఇదే మొదలు. మందు పేరు చెప్పాను. ఏ కంటికి వేస్తున్నానో చెప్పాను. మొన్న చూపించినప్పుడు ప్రెషర్ ఎంతుందో కూడా చెప్పాను. అంతా విని, “ఆఁ, బైమాటోప్రాస్టేగా! అదే అనుకున్నా. ఓ ఆరు సీసాలు కొని పెట్టు వదినా. మా ఫ్రెండ్ వాళ్ళ అత్తగారు వచ్చే వారం హైదరాబాద్‌లో ఫ్లైట్ ఎక్కుతున్నారు, ఆవిడ సూట్‌కేసులో పెట్టించు. నా లాషెస్‌కి” అంది.

ఈలోపు పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

లాషెస్ అంటే రెప్ప వెంట్రుకలండీ. మా అత్తగారికి చెబితే “దాని రెప్పలకేమైందే తల్లీ!” అని కంగారు పడిపోయారు. ఏమీ కాలేదత్తయ్యా, పొడుగు చాలట్లేదంట అన్నాను. ఆవిడ కాసేపు నా మొహం చూసి, పూజగదిలోకి వెళ్ళిపోయారు.

సంగతేంటంటే, ఇది నీటికాసులకి వాడే మందు. కంట్లో ప్రెషర్ పెరిగి లోపలి నరాన్ని మెల్లగా తినేసే జబ్బు అది. అమెరికాలో 2001లో ఈ మందుకి ఆ జబ్బు కోసమే అనుమతిచ్చారు. తీరా వేసుకున్న ముసలివాళ్ళకి రెప్ప వెంట్రుకలు పొడుగ్గా, నల్లగా, ఒత్తుగా రావడం మొదలైంది. సైడ్ ఎఫెక్ట్ అన్నమాట. కంపెనీవాళ్ళు ఊరుకుంటారా? అదే మందు, అదే 0.03 శాతం, లాటిస్ అని పేరు పెట్టి 2008 డిసెంబరులో రెప్ప వెంట్రుకల కోసం కూడా అనుమతి తెచ్చుకున్నారు. కంట్లో వేస్తే జబ్బు మందు, రెప్ప అంచున రాస్తే సోకు మందు. అందం కోసం కాబట్టి అక్కడ ఇన్సూరెన్స్ ఇవ్వదు, సీసా వంద డాలర్ల పైమాటే. మా వీధి చివర మెడికల్ షాపులో మామయ్యగారి మూడు ఎం.ఎల్. సీసా నాలుగొందల యాభై.

కాబట్టి మా ఆడపడుచు బ్రహ్మాండమైన పొదుపు కనిపెట్టింది. “ఎంత సేవింగో చూడు వదినా” అని డాలర్లని రూపాయల్లోకి, రూపాయల్ని డాలర్లలోకి మార్చి చెప్పింది. సేవింగే తల్లీ. కాదన్నానా?

కానీ అసలు ఆ వెంట్రుకలు ఎందుకు పల్చబడ్డాయో అడగండి. రెండేళ్ళుగా ఎక్స్‌టెన్షన్లు పెట్టించుకుంటోంది. రెండు గంటలు మంచం మీద కళ్ళు మూసుకుని పడుకుంటే, ఒక్కో వెంట్రుకకీ ఒక్కో కృత్రిమ వెంట్రుక జిగురుతో అతికిస్తారు. రెండు మూడు వారాలకోసారి మళ్ళీ నింపించుకోవాలి, లేకపోతే కోడి ఈకలు పీకినట్టు అక్కడక్కడా కనిపిస్తుంది. ఆ బరువుకి, ఆ పీకుడికి ఉన్నవి కూడా ఊడొచ్చాయి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఇప్పుడు ఊడిన నాలుకకి మా మామయ్యగారి మందు కావాలి.

నిజంగా డబ్బు మిగలాలంటే దారి ఒక్కటే: ముందు ఆ జిగురు మానేయ్. మన రెప్పకి పైన నూరు, నూటయాభై దాకా వెంట్రుకలుంటాయి. వాటికీ ఒక వంతుంటుంది. కొన్ని ఊడుతుంటాయి, కొన్ని మొలుస్తుంటాయి. ఊడిన వెంట్రుక కొన్ని నెలల్లో దానంతటదే తిరిగొస్తుంది. ఆ నెలల్లో బల్ల మీద ఎవరి సీసా ఉంటే పేరు వాళ్ళకి.

ఆముదం కథంతా ఇదే కదా. మా అమ్మ నాకు పదో తరగతిలో రెండు నెలలు రెప్పలకి ఆముదం రాయించింది. పెరిగింది రెప్ప వెంట్రుకలు కాదు, దిండు గలీబు మీద మరకలు. పొద్దున్న లేస్తే అరగంట దాకా బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించేవి. దానివల్ల పెరుగుతాయని గట్టి రుజువేమీ లేదు. అయినా ఆముదాన్ని నేనేమీ అనను, కనీసం దాన్ని కొనివ్వమని ఐదున్నరకి ఎవరూ ఫోన్ చెయ్యరు.

మొన్న ఐబ్రోస్ చేయించుకుందామని వెళ్తే మా పార్లర్ అమ్మాయి కూడా మొదలుపెట్టింది. “మేడమ్, మీ లాషెస్ చాలా థిన్‌గా ఉన్నాయి, సీరమ్ వాడండి” అని. దారం నోట్లో పెట్టుకుని ఆ మాట ఎలా పలికిందో నాకిప్పటికీ అర్థం కాదు. నేను వెళ్ళింది యాభై రూపాయల పనికి. నలభై ఆరేళ్ళలో నా రెప్ప వెంట్రుకల గురించి నాకే దిగులూ లేదు, ఆ కుర్చీలో కూర్చున్న ఐదు నిమిషాల్లో పుట్టించింది. ఇంటికొచ్చి అద్దంలో చూసుకున్నానా లేదా? చూసుకున్నాను. మీ దగ్గర అబద్ధం ఎందుకు.

ఆ సీరమ్‌లు ఇంకో మాయ. పైన పెప్టైడ్ అనీ బయోటిన్ అనీ పూలబొమ్మలతో రాస్తారు. కొన్నింటిలో వెనక చిన్నక్షరాల్లో ఐసోప్రొపైల్ క్లోప్రోస్టినేట్ అని ఉంటుంది. అది మన చుక్కల మందుకి వరసకి తమ్ముడే. అలాంటి సీరమ్ అమ్మిన ఒక కంపెనీకి 2011లోనే అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ హెచ్చరిక లేఖ రాసింది, మీరు అమ్మేది సింగారం సామాను కాదు, మందు అని. అయినా ఆ పదార్థం కలిపిన సీసాలు వస్తూనే ఉన్నాయి, జనం కొంటూనే ఉన్నారు. ఇంకో తమాషా. 2015లో అమెరికాలోని జార్జియా టెక్ యూనివర్సిటీవాళ్ళు 22 రకాల జంతువుల రెప్ప వెంట్రుకలు కొలిచి, కన్ను వెడల్పులో మూడోవంతు పొడుగుంటే చాలని తేల్చారు. అంతకన్నా పెరిగితే గాలిని కంట్లోకి తోలుతాయట, కన్ను ఇంకా ఎండిపోతుందట. అంటే దేవుడు కొలిచే పెట్టాడు. మా ఆడపడుచేమో కళ్ళు ఎండిపోతున్నాయని ఒక చుక్క, వెంట్రుకలు పెరగాలని ఇంకో చుక్క!

ఈ మందు సంగతులు నాకెలా తెలుసంటారా? మందు పెట్టెలో ఎనిమిది మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంటుంది. దాన్ని మొత్తం చదివిన మనిషి మా ఇంట్లో నేనొక్కదాన్నే. మామయ్యగారి కన్ను మారుతుంటే భయమేసి చదివాను.

ఆయనకి జబ్బు కుడి కంటికే, చుక్కలూ కుడి కంటికే. ఎడమ కన్ను డెబ్భై నాలుగేళ్ళ మనిషి కన్ను. కుడి కంటికి మాత్రం లేగదూడకున్నట్టు వెంట్రుకలు. రెప్ప వేసినప్పుడల్లా కళ్ళజోడు అద్దానికి తగిలి లోపలివైపు సన్నటి జిడ్డు గీతలు పడతాయి, పంచె చెంగుతో రోజుకి పదిసార్లు తుడుచుకుంటారు. మా అమ్మాయి “తాతయ్య ఒక కంటికే మస్కారా వేసుకున్నాడు” అని ఏడిపిస్తుంది, ఆయనా నవ్వుతారు. కానీ ఆ వెంట్రుకల కింద చూడాలి. రెప్ప నల్లగా, కాలిన పెనం రంగుకి తిరిగింది. కన్ను లోపలికి పీక్కుపోయింది. ముందు నిద్ర లేకనేమో అనుకున్నాను. కాదు, కంటి చుట్టూ ఉండే కొవ్వుని ఆ మందే కరిగిస్తుందట. కనుపాప చుట్టూ ఉండే రంగు కూడా ముదురుతుందట, మందు ఆపినా పాత రంగు వెనక్కి రాదట. మా ఆయనకి చూపు పోకుండా కాపాడుతోంది కాబట్టి అవన్నీ భరిస్తున్నాం. చూపుకీ కంటి కింద కొవ్వుకీ పోటీ పెడితే ఎవరైనా చూపే కోరుకుంటారు. (మా ఆయన అంటే మామయ్యగారండీ, కోపంలో రాస్తున్నాను, సరిదిద్దే ఓపిక లేదు.)

ఆ మహాతల్లికి ఎటు పోటీ? అటువైపున్నది ఇన్‌స్టా రీలు. పైగా రోజూ రాసినా బాగా కనిపించడానికి రెండు నెలలు, పూర్తిగా రావడానికి నాలుగు నెలలు పడుతుంది. మానేస్తే కొన్ని వారాలు, నెలల్లో మళ్ళీ మొదటికే. అంటే ఆరు సీసాలతో తీరేది కాదు. ఇది పొదుపు కాదు, పాలవాడి ఖాతా. ప్రతి ఆర్నెల్లకీ ఎవరో ఒకరి అత్తగారు మోయాలి. ఎయిర్‌పోర్టులో ఎవరైనా పెట్టె తెరిచి “ఈ ఆరు సీసాలూ ఎవరివమ్మా, డాక్టరు చీటీ ఏది?” అంటే ఆ పెద్దావిడ ఏం చెప్పాలి?

ఇంకా అసలు మాట రాయలేదు. మామయ్యగారికి జబ్బు బయటపడిన రోజు కంట్లో ప్రెషర్ 32. ఇరవై ఒకటి దాటితేనే అనుమానించాలట. డాక్టరుగారు అప్పుడే చెప్పారు, ఇది రక్తసంబంధంలో వస్తుంది, పోయిన చూపు తిరిగి రాదు, నొప్పి కూడా ఉండదు కాబట్టి తెలీదు, పిల్లలిద్దర్నీ చూపించుకోమనండి అని. మా ఆయన (ఈసారి నిజంగా మా ఆయనే) ఆ వారమే చూపించుకున్నారు. ఆ పిల్లకి ఎన్నిసార్లు చెప్పానో. “అపాయింట్‌మెంట్ దొరకట్లేదు వదినా”, “డిడక్టిబుల్ అవలేదు వదినా” (ఇన్సూరెన్స్ ఇచ్చేముందు మన జేబులోంచి పెట్టాల్సిన డబ్బంట), “పిల్లల స్కూల్ అయ్యాక వదినా.” నలభై ఒకటి వచ్చాయి, ఇంతవరకూ ప్రెషర్ చూపించుకోలేదు. కానీ ఎక్స్‌టెన్షన్ల అపాయింట్‌మెంట్ మాత్రం మూడు వారాలకోసారి దొరుకుతుంది! నాన్న జబ్బు ఉందో లేదో తెలుసుకోదట, నాన్న జబ్బు మందు మాత్రం కావాలట.

ఆ రోజు వీడియో కాల్‌లో ఈ విషయం చెబితే ఏమందో తెలుసా? “నాన్నకి క్యారెట్ ఎక్కువ పెట్టు వదినా.” క్యారెట్! నాలుగేళ్ళైంది, ఆ క్యారెట్ నాకింకా గొంతు దిగలేదు.

“మీకక్కడ చవకే కదా” అనే మాట ఎవరు కనిపెట్టారో గానీ వాళ్ళ నోట్లో ఆముదం పొయ్య. చవకని జాకెట్లు కుట్టించి పంపాను. చవకని కాకరకాయ కారం, గుమ్మడి వడియాలు, కరివేపాకు పొడి. ఇరవైమూడు కేజీలు దాటకూడదని బాత్రూమ్ తూకం మీద నేను ఎక్కి, పెట్టెతో మళ్ళీ ఎక్కి, తీసేసి లెక్కలు వేసిన రాత్రులెన్నో. అటునుంచి వచ్చేది చాక్లెట్లు, ఒక లోషన్. పోయినసారి ఆ లోషన్ మీద డేటు చూస్తే అప్పటికే ఏడాది దాటింది. సరే, ఆ లెక్కే వేద్దాం రండి. నెలకి నాలుగొందల యాభై, ఏడాదికి ఐదువేల నాలుగొందలు, నాలుగేళ్ళకి ఇరవై ఒక్కవేల ఆరొందలు. ఒక్కనాడు “వదినా, నాన్న మందుకి నేను వేస్తాను” అందా? డబ్బు కోసం అనట్లేదు. అబ్బే, డబ్బు కోసం కూడా అంటున్నాను, ఎందుకు దాచాలి!

మా ఆయనకి చెబితే పేపరు దించకుండా “పోన్లే, ఆరు సీసాలేగా” అన్నారు. ఆరు సీసాలే. రోజూ రాత్రి తొమ్మిదింటికి కింది రెప్ప లాగి, చెయ్యి వణక్కుండా ఒక్కటంటే ఒక్క చుక్క వేసి, ముక్కు పక్కన రెండు నిమిషాలు వేలితో నొక్కిపట్టి కూర్చుంటే తెలుస్తుంది ఎన్ని సీసాలో.

మధ్యాహ్నం మెడికల్ షాపుకి వెళ్ళాను. మామయ్యగారి సీసాకే. ఆ అబ్బాయి అలవాటుగా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. ఆరు కావాలంటే ఇస్తావా అని ఊరికే అడిగాను. “అమెరికాకా అక్కా?” అన్నాడు తల ఎత్తకుండా. “చీటీ ఉంటే చూడండి, ఈ నెల్లో మీరు మూడోవాళ్ళు.”

అంటే ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. మీలో ఇంకెవరెవరు ఈ సీసాలు మోస్తున్నారో చెప్పండి, నాకు కాస్త తోడుగా ఉంటుంది.

ఒక్కటే తెచ్చాను. ఇందాక చుక్క వేసే ముందు మామయ్యగారిని పడక్కుర్చీలో వెనక్కి వాలమని, కుడి కన్ను దగ్గర్నుంచి ఫోటో తీశాను. నల్లబడ్డ రెప్ప, పీక్కుపోయిన కన్ను, ఆ వెంట్రుకలు, అన్నీ స్పష్టంగా పడ్డాయి. కింద ఏమీ రాయకుండా దానికి పంపించాను. చూసి సిగ్గు తెచ్చుకోనీ అని.

నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. రెండు నిమిషాలు టైపింగ్, టైపింగ్. తర్వాత వచ్చింది.

“వావ్ వదినా, నాన్న లాషెస్ చూడు!! ఆరు కాదు, ఎనిమిది పంపించు.”