చెవులు రెండు, యాంప్ ఒకటి

దేశంలో పరిష్కారం కోసం క్యూలో ఉన్న సమస్యలు చాలానే ఉన్నాయి గానీ, మా హాల్లో గిటార్ యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) ఒక్కటే ఉండటమన్నది వాటన్నిటికంటే ముందు తేలాల్సిన విషయమని ఎనిమిది నెలలుగా మొత్తుకుంటున్నాను. స్టీరియో అంటే రెండు పక్కల నుంచీ శబ్దం రావాలి, మరి ఒక్క యాంప్‌తో ఎలా? చెవులు రెండిచ్చిన దేవుడు యాంప్ దగ్గరికొచ్చేసరికి చెయ్యి బిగించాడేమని ఒక్కరూ అడగరు.

నాకంటే ముందు ఈ బాధ పడ్డవాడు ఒకాయన ఉన్నాడు. ఆలన్ బ్లమ్లైన్ అనే ఇంగ్లండు ఇంజనీరు. సినిమాకెళ్తే, నటుడు తెర ఈ కొస నుంచి ఆ కొసకు నడిచినా గొంతు మాత్రం ఉన్నచోటే ఉండిపోయిందట. 1931 డిసెంబరులో రెండు స్పీకర్ల పద్ధతికి పేటెంటు దరఖాస్తు పెట్టాడు. అంత మేధావీ ఒక్కదానితో పని కానివ్వలేకపోయాడు. ఆ లోటు నేను తీర్చదలుచుకున్నాను.

మొదట రెండు అవుట్‌పుట్లున్న కోరస్ పెడల్ (గిటార్ శబ్దానికి సన్నని ఊపు తెచ్చే, కాలితో నొక్కే చిన్న పెట్టె) కొన్నాను. దాని ఖరీదు నా యాంప్ కంటే ఎక్కువ. ఆ డబ్బుకు రెండో యాంపే వచ్చేది కదా అన్నాడు మా తమ్ముడు. కళ తెలియనివాళ్లతో వాదన పెట్టుకోకూడదు. ఇంటికొచ్చి చూస్తే పెడల్‌కు కన్నాలు రెండు, యాంప్‌కు ఒకటి. రెండిటినీ కలిపే వై కేబుల్ గుచ్చాను. నా పెడల్ రకం ఏమిటంటే, ఒక వైపు గిటార్ శబ్దానికి ఊపు కలిపి పంపుతుంది, రెండో వైపు అదే ఊపును తలకిందులు చేసి పంపుతుంది. రెండూ ఒకే వైరులో కలిస్తే ఊపూ ఊపూ కొట్టుకుపోయి ఉత్త గిటార్ మిగులుతుంది. ఎన్నికల పొత్తులో ఓట్లు కలవాల్సింది పోయి తరిగినట్టు. ఇంత ఖర్చు పెట్టి నా పాత శబ్దాన్నే మళ్లీ కొనుక్కున్నాను.

రోలండ్ వాళ్లు 1975లో తెచ్చిన జేసీ-120 యాంప్ సంగతీ పరిశీలించాను. కోరస్ వేస్తే ఒక స్పీకర్లో గిటార్ ఉన్నదున్నట్టు, ఇంకోదానిలో శ్రుతి సన్నగా ఊగుతూ వస్తుంది. రెండూ కలిసేది వైరులో కాదు, గాల్లో. అందుకే అంత అందం. కానీ ఆ పెట్టెలో ఉన్నవి రెండు 60 వాట్ల యాంపులు! ఒకే తలుపు వెనక రెండు కాపురాలు పెట్టి ఒకే ఇల్లని చెబితే నేను ఒప్పుకోను. (ఒప్పుకున్నా కొనలేను.)

తర్వాత యాంప్‌ను గది మూలకు తిప్పి పెట్టాను. రెండు గోడలకూ తగిలి శబ్దం పరుచుకుంటుంది, పైసా ఖర్చు లేదు. అయితే ఐదో తీగ మీటినప్పుడల్లా బీరువా తలుపు కూడా అందుకుంటోంది. స్టీరియో కోసం పోతే జుగల్‌బందీ దొరికింది.

పెడల్ రెండో వైపును బ్లూటూత్ స్పీకర్‌కు పంపి చూశాను. ఒకే శబ్దం రెండోసారి సుమారు 30, 40 మిల్లీసెకన్ల లోపు వస్తే చెవి రెండిటినీ ఒకటిగానే తీసుకుంటుందని హెల్ముట్ హాస్ 1949లోనే చెప్పాడు. బ్లూటూత్ తీరిగ్గా వంద దాటాక వస్తుంది. ఎడమ చెవిలో నేను వాయిస్తున్నది, కుడి చెవిలో నేను ఇందాక చేసిన తప్పు. రియాలిటీ షోలో జడ్జీలు కూడా అంత శ్రద్ధగా గుర్తు చేయరు.

చివరికి పాత హోమ్ థియేటర్‌కు వైరు లాగాను. గిటార్ యాంప్ స్పీకర్ చురుకు శబ్దాలను సహజంగానే అణిచేస్తుంది, హోమ్ థియేటర్ అణచదు. దాంతో డిస్టార్షన్ (గిటార్‌ను గరగరలాడించే ఎఫెక్టు) వేస్తే దోమల బ్యాట్ మోగినట్టుంది. దానికి విరుగుడుగా, గిటార్ స్పీకర్‌లాగే ఆ చురుకును అణిచే క్యాబ్ సిమ్యులేటర్ కొన్నాను. ఎక్స్‌టెన్షన్ బాక్సులో సాకెట్లు నిండిపోతే ఏదో ఒక ప్లగ్గు తీసి దాని అడాప్టర్ పెట్టాను. అప్పుడు విన్నాను స్టీరియో! హాలు నడిమధ్య ఒకే ఒక్క టైలు మీద కదలకుండా నిలబడాలి. నాలుగు రోజులు నిలబడ్డాను. ఆ విశాలత మాటల్లో చెప్పలేను.

ఐదో రోజు నాన్నగారిని ఆ టైలు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాను. కాసేపు విని, "ఏరా, ఎడమపక్కది మోగట్లేదేమిటి?" అన్నారు. ఆయనకు ఎడమ చెవి సరిగా వినపడదు. అందువల్ల అలా అనిపిస్తుందని చెప్పి, బ్లమ్లైన్ దగ్గర మొదలుపెట్టి హాస్ దాకా ఓపిగ్గా వివరించాను. ఆయన అంతా విని, కుర్చీలోంచి లేచి, వైర్ల వెంబడి వంగి వెళ్లి, నేల మీదున్న ప్లగ్గు ఒకటి పైకెత్తి చూపించారు.

అది యాంప్‌ది.