40 మీటర్ల హోంవర్క్

సముద్రజీవి బొమ్మ గీసుకురమ్మంటే పిల్లలు తాబేలు గీస్తారు, డాల్ఫిన్ గీస్తారు. మా మేనల్లుడికి అవేవీ ఆనలేదు. హోంవర్క్‌లో 'అసలు సైజులో' అన్న మాట కనబడగానే వాడి కన్ను ప్రాయా దూబియా మీద పడింది. సైఫనోఫోర్లలో, అంటే చిన్న చిన్న జీవులెన్నో అతుక్కుని ఒకే ప్రాణిలా కాలనీగా బతికే జెల్లీఫిష్ చుట్టాల్లో, ఇదొక జాతి. పొడవులో నీలి తిమింగలాన్ని దాటి 40 మీటర్ల పైకి పోతుంది. మందం మాత్రం చీపురుకర్రంతే.

తాబేలు ఎంత పొందికైన ప్రాణో బావ చెప్పి చూశాడు. వీడు వింటేగా! ప్రింటర్ కాగితాలు పొడవుగా అంటిస్తే 135 చాలని లెక్క తేల్చి, జిగురు సీసా నా చేతిలో పెట్టాడు.

తల పడగ్గదిలో మొదలైంది. తల అనకూడదట, దానికి అసలు తలే లేదు. ముందు, ఈదడానికి, గుడిగంట ఆకారంలో రెండు భాగాలుంటాయి. అవి ముడుచుకుంటూ నీళ్లు వెనక్కి చిమ్మితే కాలనీ మొత్తం కదులుతుంది. వెనక కాడ పొడవునా ఒకే గుంపు మళ్లీ మళ్లీ వస్తుంది: తినడానికో నోరు, వేటకి కుట్టే దారం, కాపుగా ఓ రేకు, పిల్లల్ని కనే భాగం. ఈదేది తినలేదు, తినేది ఈదలేదు. తిన్నది మాత్రం కాడలోంచి అందరికీ చేరుతుంది. అన్నీ ఒకే గుడ్డు సంతానం.

"ఇంతకీ ఇది ఒక జంతువా, వంద జంతువులా?" పళ్ల మధ్య టేపు ముక్క పెట్టుకునే అడిగాడు బావ.

"రెండూను, నాన్నా."

"మీ టీచర్‌కీ ఇదే చెప్తావా?"

హాలు అయిపోయింది. బొమ్మ గుమ్మం దాటి మెట్లు దిగడం మొదలెట్టింది. పై అంతస్తు వాళ్లు పంచెలు, చీరలు ఎత్తిపట్టుకుని దాటుకుంటూ పోతున్నారు.

"దీనికి ఇంత చోటెక్కడ దొరుకుతుందిరా?" అంది అక్క.

"అట్లాంటిక్‌లో ఐస్‌లాండ్ దగ్గర్నుంచి పసిఫిక్‌లో చిలీ దాకా ఉంటుందమ్మా. 700 నుంచి 1000 మీటర్ల లోతులో. అక్కడ గుమ్మాలుండవు."

కాగితాలు చాలావరకు తెల్లగానే ఉన్నాయి. రంగులేవిరా అంటే, పారదర్శకం అన్నాడు. ఇంతకన్నా సుఖమైన జంతువు ఏ విద్యార్థికీ దొరకదు. చీకట్లో నీలంగా వెలుగుతుందని, అందుకోసం ఏదో మెరిసే రంగు పూశాడు. చూద్దామని లైట్లార్పాం. ఆ చీకట్లోనే బావ, కుట్టే దారాలని వాడు వేలాడదీసిన ఊలు పోగుల్లో కాలు పెట్టాడు.

లైటు వేసేసరికి బావ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చీలమండకి మూడు నోళ్లు, ఒక రేకు చుట్టుకుని ఉన్నాయి. మిగతా కాలనీ ముక్కలైపోయింది.

వీడు ఏడుస్తాడనుకున్నాం. ముఖం వెలిగిపోయింది.

"శాస్త్రవేత్తలకీ ఇంతే మామయ్యా! వలేసి పైకి లాగితే చేతికి ముక్కలే వస్తాయి. అందుకే రోబోని కిందకి దింపి, కెమెరాతో అక్కడే చూస్తారు. నాన్నా, మీ ఫోన్ ఇటివ్వండి."

ముక్కల్ని వరసగా పేర్చి, పడగ్గదిలోంచి వీడియో మొదలెట్టాడు. రెండో మెట్టు దగ్గర స్టోరేజీ నిండిపోయింది. చోటు కోసం వీడు బావ ఆఫీసు ఫోటోలు డిలీట్ చేస్తున్నాడు, బావ ఇంకా కాలికి చుట్టుకున్న ఊలు విప్పుకుంటూనే ఉన్నాడు.