అక్కడ మీరు క్షేమమని తలుస్తాను

మహారాజశ్రీ రెండో నంబరు డబ్బాలో కాపురముంటున్న, మట్టిలో దాక్కునే నా బుల్లి పెంపుడు జీవులైన రబ్బర్ డకీ ఐసోపాడ్ల వారికి, డాలస్ నుంచి మీ సేవకుడు రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరు క్షేమమని తలుస్తాను. అందరూ ఈ ముక్క మాటవరసకి రాస్తారు, నేను నిజంగానే అడుగుతున్నాను. తెచ్చుకున్నది పదిమందిని. ఎందరున్నారో, అసలున్నారో లేదో, ఏడు నెలలుగా నాకు తెలీదు.

మొన్న గుంటూరు నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు దిగారు. థాయిలాండ్ జాతి అనీ, పసుపుపచ్చ మొహంతో అచ్చం రబ్బరు బాతులా ఉంటారనీ, ఒక్కొక్కరికి 14 కాళ్లనీ మిమ్మల్ని ఆకాశానికెత్తి మూత తీశాను. మట్టి. ఆకులు జరిపాను. మట్టి. బెరడు ముక్క లేపాను. ఇంకాస్త తడి మట్టి. మామయ్యగారు రైతు. ముప్పావుగంట ఓపిగ్గా చూసి, "ఏం విత్తనం అల్లుడుగారూ? మొలక రాలేదే" అన్నారు. పురుగులు కూడా కావండీ, రొయ్యలకీ పీతలకీ చుట్టాలు అని చెప్తే అత్తయ్యగారు "అయితే ఇగురు పెట్టొచ్చా?" అన్నారు. ఆ మాట మీ చెవిన పడాలనే నా కోరిక.

వీధంతా డబ్బులిచ్చి ఊడ్పించుకునే ఓక్ ఆకుల్ని మీ తిండి కోసం నేను సంచులకెత్తి ఇంటికి తెచ్చాను. పక్కింటాయన అప్పట్నుంచీ పలకరించడం మానేశాడు. వాటిని ఉడకబెట్టిన గిన్నె మా ఆవిడ మళ్లీ ముట్టుకోలేదు. మీ పెంకులకి సున్నం కావాలని గుడ్డు పెంకులు దంచాను. ఒకవైపు తడి, ఒకవైపు పొడి ఉండాలని చూసి చూసి నీళ్లు చిలకరించాను. బూజు తినమని వేసిన స్ప్రింగ్‌టెయిల్స్ అనే బుల్లి జీవులు బూజుని వదిలేసి గంతులేస్తున్నాయి. వాటినేమీ అనను, కనీసం కనిపిస్తాయి.

ఇక నిన్న రాత్రి సంగతి. జెట్ లాగ్‌తో నిద్రపట్టని మామయ్యగారు రెండున్నరకి తలుపు కొట్టి, "అల్లుడుగారూ, మీ విత్తనాలు నడుస్తున్నాయి" అన్నారు. పరిగెత్తాను. లైటు వేశాను. మట్టి.

ముగ్గురట. ఒకరికి వెనక సగం కొత్తగా, ముందు సగం పాతగా ఉందట. అంటే కుబుసం! మీరు ముందు వెనక సగం విడిచి, తర్వాత తీరిగ్గా ముందు సగం విడుస్తారు కదా, ఆ ముచ్చట కోసం ఏడు నెలలు కాచుకున్నది నేను. చూసింది, నేనేదో పంట వేశాననుకున్న మనిషి!

ఏం, నా మొహం బాగాలేదా? తిండి పెట్టేది నేను, డబ్బా ఉన్న ఇంటికి అద్దె కట్టేది నేను. విమానం దిగి మూడు రోజులు కానాయనకి దర్శనమా? తిరుమలలో ధర్మదర్శనం లైన్లో నిలబడ్డవాడికైనా ఎప్పుడో ఒకప్పుడు తలుపు తీస్తారు. సిగ్గుండాలి మీకు.

పిల్లలు కూడా ఉన్నారట, ఆవగింజంత. ఆ మాట విన్నాక ఇక నిద్ర పట్టలేదు. పుచ్చిన కర్రముక్క కొత్తది పెట్టాను, మెత్తగా ఉన్న వైపు కిందికి వచ్చేలా. మీరు వెలుగుకి బెదరకుండా ఎర్ర టార్చి ఒకటి కొన్నాను. ఈ రాత్రి రెండింటికి కుర్చీలు వేస్తున్నాం, మామయ్యగారూ వస్తానన్నారు. మీరు ఆయన కోసమే రండి. నేను వెనక నిలబడతాను.

ఇట్లు,
మొలక రాని మడికి నీళ్లు పెట్టేవాడు