ఏ పార్టీ మీటింగండీ ఇది?

తెనాలికి దగ్గర్లో ఉన్న మా ఊళ్లో ఒక కళామందిరం ఉంది. స్టేజీ ఒకటి, తెర ఒకటి, పనిచేసే ప్లగ్గు ఒకటి. కళలు మాత్రం నాలుగైదు. హాలు ఎవరికి ఎప్పుడో రాసుకోవడానికి సెక్రటరీ గారు ఒక రిజిస్టరు పెట్టారు. ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క కొట్టివేత ఉండదు. ఎవరు ఎలా చెబితే అలాగే రాసుకోవడం ఆయన పద్ధతి. ఆ పద్ధతే మా కొంప ముంచింది.

2024 ఏప్రిల్ నాటి సంగతి. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు, తెలుగు నాటకరంగ దినోత్సవం కూడా. ఆ రోజు మా బృందం రాయబారం సీను వేస్తుంది. ధర్మరాజును నేనే, మిగతా వేషాలకు కండలు కావాలిట. '16 సాయంత్రం 6' అని రాయించాం. కూచిపూడి టీచరమ్మ, రాములవారి పందిట్లో ఆడే పిల్లలకు గజ్జెలు కట్టించి ఒకసారి చూసుకోవాలని 'నవమి ముందురోజు సాయంత్రం' అని రాయించుకున్నారు. భజన బృందం తాతగారు రిజిస్టరు ముఖమే చూడలేదు. "ప్రతి మంగళవారం మాదేగా, కొత్తగా రాసేదేముందిరా?"

ఆ ఏడు నవమి 17న వచ్చింది. 16 మంగళవారం.

ఆరింటికి కిరీటం చంకన పెట్టుకుని వెళ్లేసరికి హాలు కిటకిటలాడుతోంది. గజ్జెల పిల్లలు, పిన్నులు నోట కరుచుకుని జడలు సర్దుతున్న వాళ్ల అమ్మలు, మధ్యలో జంబుఖానా పరిచి తాళాలు పట్టుకున్న భజనవాళ్లు. తాతగారు పంచాంగం తెరిచే ఉన్నారు.

"అమ్మా, అష్టమి మధ్యాహ్నం ఒంటిగంటన్నరకల్లా వెళ్లిపోయింది. ఇప్పుడు నడుస్తున్నది నవమే. నీ ముందురోజు భోజనాల వేళకే అయిపోయింది."

"పండగ రేపే కదండీ తాతగారూ! పానకం ఇవాళే తాగేస్తారా?"

చివరికి స్టేజీ మాకు, కింద నేల పిల్లలకు, వరండా భజనకు అని పంచుకున్నాం. పాండవులకు కూడా ఇంత సులువుగా భాగాలు తేలలేదు కదా అని మురిసిపోయాను. ఆ మురిపెం పావుగంట. మా కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం సాగదీస్తుంటే, కింద టీచరమ్మ తట్టుకర్ర ఆదితాళం వేస్తోంది. ఎనిమిది అక్షరాలకోసారి రాగం తెగుతోంది. వరండాలో భజన వేగం అందుకునేకొద్దీ పిల్లలు వాళ్లకు తెలియకుండానే మూడోకాలంలోకి వెళ్లిపోయారు. హార్మోనియం ఆయన చేతులెత్తేశాడు. కృష్ణుడి కాలు మాత్రం ఆగలేదు, తత్ తై అంటూనే ఉంది.

ఇంతలో గేటు ముందు జీపు ఆగింది. ఎన్నికల కోడ్ మార్చి 16 నుంచే నడుస్తోంది. మైకు, జనం, ప్రసాదం పులిహోర డేగిశాలు చూసి ఎవరో పుణ్యాత్ముడు ఫోన్ కొట్టాడు. ఫ్లయింగ్ స్క్వాడ్! వెంట వీడియో కుర్రాడు.

"ఏ పార్టీ మీటింగండీ ఇది?"

వేషం కడితే మా కృష్ణుడికి ఒళ్లు తెలియదు. "పార్టీ ఏమిటి నాయనా, మేం రాయబారానికి వచ్చాం."

"ఎవరి తరఫున?"

"పాండవుల తరఫున."

"అభ్యర్థి ఎవరు?"

వేలు నా వైపు చూపించాడు. "రాజ్యం ఈయనకే అడుగుతున్నాం. ఐదూళ్లిచ్చినా సర్దుకుంటాం."

వీడియో కుర్రాడు కెమెరా నా కిరీటం మీదికి తిప్పాడు. ధర్మరాజుకు చెమటలు పట్టడం ఏ పర్వంలో ఉందో నాకు తెలియదు గానీ, ఆ రోజు మాత్రం మీసం అంటించిన గమ్ము ఊడింది.

"ఈ పులిహోర ఖర్చు ఎవరి ఖాతాలో రాయమంటారు?"

"ఆంజనేయస్వామి ఖాతాలో," అన్నారు తాతగారు.

ఆఫీసరు గారు మంచివాడే, తల మాత్రం పట్టుకున్నాడు. ఏం కార్యక్రమమో, హాలు ఏ రోజుకు తీసుకున్నారో ముగ్గురినీ విడివిడిగా రాసివ్వమన్నాడు. రాసిచ్చాం. ఒక్కో కాగితం పైకి చదివాడు. "ఏప్రిల్ 16. నవమి ముందురోజు. ప్రతి మంగళవారం." కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"మూడింటికీ మూడు రోజులు రాశారు కదా, మరి అందరూ ఇవాళే ఎందుకొచ్చారండీ?"

అందరం సెక్రటరీ గారి కోసం వెతికాం. తెర వెనక రిజిస్టరు, దాని మీద ఖాళీ పులిహోర ఆకు కనిపించాయి.