ఎనిమిదో సెమిస్టర్ ఎలక్టివ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ బి.ఫార్మసీ ఎనిమిదో సెమిస్టర్ ఎలక్టివ్ పేపర్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. బయోస్టాటిస్టిక్స్, సోషల్ అండ్ ప్రివెంటివ్ ఫార్మసీ అనే రెండు తప్పనిసరి పేపర్లకూ, ప్రాజెక్టుకూ నడుమ తమరు నాలుగేసి క్రెడిట్ల చొప్పున రెండు రూపాల్లో వేంచేసి ఉంటారు కాబట్టి తమరిని ఒకరుగా సంబోధించాలో ఇద్దరుగా సంబోధించాలో నాకు తేలలేదు. ఒకరుగానే సంబోధిస్తున్నాను, మన్నించగలరు. నేను ఆరేళ్లుగా తమ సేవలో ఉన్న అధ్యాపకుణ్ణి. తమరిని నేను కోరుకోలేదు. తమరిని కోరుకున్న విద్యార్థి కూడా నాకు ఇంతవరకు తారసపడలేదు.

తెలుగులో తమ పేరు ఐచ్ఛికం, అంటే ఇష్టాన్ని బట్టి ఎంచుకునేది అని అర్థం. ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా సిలబస్‌లో తమ అవతారాలు దశావతారాలకు తక్కువ కాకుండా ఉన్నాయి. మార్కెటింగ్, రెగ్యులేటరీ సైన్స్, ఫార్మకోవిజిలెన్స్ అనే మందుల దుష్ఫలితాల నిఘా, మూలికల నాణ్యత, కంప్యూటర్ సాయంతో ఔషధ రూపకల్పన, కాస్మెటిక్ సైన్స్, అధునాతన పరికరాలు, పోషక పదార్థాలు, ఇంకా కొన్ని. మా కాలేజీ నోటీసు బోర్డులో ఏటా డిసెంబరులో ఈ జాబితా అంతా అంటించి, కింద "ఏవైనా రెండు ఎంచుకోవలెను" అని రాస్తారు. అయితే ఆ కాగితం అంటించడానికి వారం ముందే ఏ అధ్యాపకుడి టైంటేబుల్‌లో ఎన్ని ఖాళీలున్నాయో లెక్కచూసి ఆ రెండూ ఏవో ఖరారు చేసేస్తారు. ముహూర్తం పెట్టి, శుభలేఖలు అచ్చువేయించి, ఆ తరువాత పిల్లను పిలిచి ఇష్టమేనా అమ్మా అని అడిగినట్టు ఉంటుంది ఆ పద్ధతి.

మూడేళ్ల క్రితం ఒక అబ్బాయి ఈ లోకరీతి తెలియక, దరఖాస్తులో కంప్యూటర్ సాయంతో ఔషధ రూపకల్పన కావాలని రాశాడు. అతణ్ణి ఆఫీసుకు పిలిపించి, కుర్చీ కూడా వేసి, ఆ పేపరుకు కావలసిన సాఫ్ట్‌వేర్ లైసెన్సు మన కంప్యూటర్ ల్యాబ్‌లో లేదనీ, అతనొక్కడి కోసం ఒక అధ్యాపకుణ్ణి తేలేమనీ ఎంతో వాత్సల్యంతో నచ్చజెప్పారు. అతను వేరే దరఖాస్తు నింపాడు. దాని చివర "నా ఇష్టపూర్వకంగా ఎంచుకొనుచున్నాను" అనే వాక్యం ముందే అచ్చై ఉంటుంది కాబట్టి సంతకం మాత్రం చేస్తే సరిపోయింది.

ఇక మా కాలేజీలో తమరు స్థిరంగా ఎత్తే అవతారాలు రెండు. ఒకటి మందు ఎలా అమ్మాలో చెబుతుంది, రెండోది అమ్మిన మందు మనిషిని ఏం చేసిందో చూడమంటుంది. ఈ రెండింటినీ ఒకే సెమిస్టర్‌లో పక్కపక్కన కూర్చోబెట్టిన మహానుభావుడెవరో గానీ ఆయన హాస్యప్రియత్వానికి నమస్కరిస్తున్నాను. మార్కెటింగ్ గురించి ఎక్కువ చెప్పను, అది నా పేపరు కాదు. క్లినిక్ బయట చెప్పులు విడిచే చోట రెండు గంటలు నిలబడి, లోపల రెండు నిమిషాల్లో మూడు మందుల పేర్లు చెప్పి బయటపడే మెడికల్ రెప్ జీవితానికి, తమ పుస్తకంలోని ప్రొడక్ట్ లైఫ్ సైకిల్ బొమ్మ ఎలా అక్కరకు వస్తుందో నాకు తెలియదు. 2024 మార్చిలో కేంద్రం ప్రకటించిన మార్కెటింగ్ నియమావళి డాక్టర్లకు బహుమతులు ఇవ్వరాదన్నది. పరీక్షలో ఆ సంగతి ఇంకా అడగలేదు కాబట్టి మా వాళ్లు ఇంకా చదవలేదు.

నా పేపరు ఆ రెండోది, ఫార్మకోవిజిలెన్స్. ఐదు యూనిట్లు, 45 గంటలు. తమ ఐదో యూనిట్‌లో షెడ్యూల్ వై అనే పెద్దమనిషి ఒకరున్నారు, కొత్త మందుల పరీక్షలకు పాత నియమాల పట్టిక ఆయన. 2019 మార్చిలో కొత్త మందులకూ క్లినికల్ ట్రయల్స్‌కూ వేరే నియమావళి వచ్చినప్పుడే, మనుషులకు వాడే కొత్త మందుల విషయంలో ఆయన బాధ్యతలు ముగిశాయి. నా దగ్గరున్న సిలబస్ ప్రతిలో మాత్రం ఆయన పదవీ విరమణ తరువాత కూడా రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని ఆఫీసుకు వచ్చే హెడ్ గుమస్తాలా యథాస్థానంలోనే కూర్చుని ఉన్నారు. నేను మొదటి ఏడాది ఆయన గురించి నిజం చెప్పాను. అప్పుడు ఒక విద్యార్థి లేచి, "పరీక్షలో ఏది రాయమంటారు సార్?" అని అడిగాడు. అప్పటి నుంచి చెప్పడం లేదు.

తమ మూల్యాంకన విధానం కూడా మెచ్చదగినది. రాతపరీక్షకు 75 మార్కులు, అంతర్గతంగా 25. ఆ 25లో హాజరుకు 4, విద్యార్థికీ అధ్యాపకుడికీ మధ్య జరిగే సంభాషణకు 3. నేను విద్యార్థులతో చేసిన సంభాషణ అంతా ఆ 4 మార్కుల గురించే కాబట్టి, ఈ 3 మార్కులు అందరికీ పూర్తిగా వేశాను. రాతపరీక్షకు థాలిడోమైడ్ ఎలాగూ ఉంది. పశ్చిమ జర్మనీలో 1957లో అమ్మకానికి వచ్చి, అవయవలోపాలతో పుట్టిన వేల శిశువుల దుఃఖం మిగిల్చి 1961లో వెనక్కి వెళ్లిన ఆ మందు, మా కాలేజీలో ఎందరో విద్యార్థులను పది మార్కుల ప్రశ్నలో గట్టెక్కించింది.

అసలు ఈ లేఖ రాయడానికి కారణం గత ఫిబ్రవరిలో ఒక మంగళవారం జరిగిన సంగతి. ఆ రోజు నారంజో స్కేల్ చెబుతున్నాను. ఒక మందు వల్లనే ఒక దుష్ఫలితం వచ్చిందా అని తేల్చడానికి 1981లో ప్రచురించిన పది ప్రశ్నల పట్టిక అది. బోర్డు మీద నా పాత రోగి ఉన్నాడు. ఆరేళ్లుగా అతనికి 45 ఏళ్లే, ఆరేళ్లుగా అదే పెన్సిలిన్, అవే దద్దుర్లు. మూడో బెంచీలో ఒక అమ్మాయి చున్నీతో ముఖం సగం కప్పుకుని కూర్చుంది. ఏమిటని అడిగితే చున్నీ తీసింది. పెదవులు, కళ్ల చుట్టూ వాచిపోయి ఉన్నాయి. "పంటినొప్పికి రాత్రి డైక్లోఫెనాక్ వేసుకున్నాను సార్, పోయినసారి వేసుకున్నప్పుడు కూడా ఇట్లాగే అయింది" అంది. "సరే, కింద మెడికల్ షాపులో ఎలర్జీకి అవిల్ తీసుకుని హాస్టల్‌కు వెళ్లి పడుకోమ్మా, హాజరు నేను చూసుకుంటాను" అన్నాను. డాక్టరుకు చూపించుకోమని కూడా అనలేదు. ఆమె వెళ్లిపోయింది. నేను బోర్డు వైపు తిరిగి, లేని రోగికి ఉన్న దద్దుర్ల స్కోరు వేయడం కొనసాగించాను. తరగతిలోని నలభై రెండు మందిలో ఒక్కరికీ నవ్వు రాలేదు, అనుమానమూ రాలేదు. తమ శిక్షణ అంత పకడ్బందీగా ఉంది.

ఆ రాత్రి భోజనం దగ్గర ఈ సంగతి ఇంట్లో చెబుతూ, సగంలో ఆగిపోయాను. లేచి కాగితం మీద నారంజో లెక్క వేశాను. ఈ మందుకు ఇలాంటి వాపు వస్తుందని ముందే తెలుసు, 1. మందు వేసుకున్నాకే వచ్చింది, 2. మానేశాక సాయంత్రానికి తగ్గిందని హాస్టల్ నుంచి మెసేజ్ వచ్చింది, 1. వేరే కారణం కనిపించలేదు, 2. మునుపూ ఇలాగే అయింది, 1. మొత్తం 7. 5 నుంచి 8 వరకు వస్తే "ప్రాబబుల్", అంటే ఆ మందు వల్లనే కావచ్చు, అనాలని ఆ రోజు పొద్దున్నే బోర్డు మీద పెద్ద అక్షరాలతో నేనే రాశాను. నిజానికి ఈ లెక్క కూడా అక్కరలేదు. ఘాజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ నడిపే, దుష్ఫలితాలు నమోదు చేసుకునే జాతీయ కార్యక్రమానికి అనుమానం ఉంటే చాలు, రుజువు అవసరం లేదు. ఆ కార్యక్రమం 2010 నుంచి ఉంది. 1800-180-3024 అనే ఉచిత ఫోన్ నంబరు ఉంది. మామూలు జనం నింపడానికి తెలుగులో కూడా ఫారం ఉంది. ఆ ఫారాన్ని మా విద్యార్థులు ప్రతి ఏటా అసైన్‌మెంటులో భాగంగా స్కేలు పెట్టి గళ్లతో సహా అందంగా గీస్తారు. ఆరేళ్లలో ఒక్కటీ నింపలేదు. నేనూ నింపలేదు.

తమరు నొచ్చుకోకపోతే ఇంకో ముచ్చట. మొన్న వేసవిలో పనిమీద హైదరాబాదు వెళ్లి, అమీర్‌పేటలో మైత్రీవనం దగ్గర మెట్రో దిగాను. గోడల నిండా కోచింగ్ ప్రకటనల్లో తమ పేరే. ఫార్మకోవిజిలెన్స్, మెడికల్ కోడింగ్, క్లినికల్ సాస్, రెగ్యులేటరీ అఫైర్స్. ఒక మెట్ల దారిలో నా పాత విద్యార్థి ఎదురయ్యాడు. నా పేపరులో 75కు 61 తెచ్చుకున్నవాడు. ఫీజు కట్టి మళ్లీ ఫార్మకోవిజిలెన్సే చదువుతున్నాడట. "ఇక్కడ కేసులు ప్రాసెస్ చేయిస్తున్నారు సార్, ఒక్కో దుష్ఫలితానికి వైద్య పదకోశం మెడ్‌డ్రాలో సరైన పదం ఏదో మేమే వెతకాలి" అని ఉత్సాహంగా చెప్పి, అంతలోనే నేను ఎవరో గుర్తొచ్చి నొచ్చుకున్నాడు. నాకేమీ బాధ కలగలేదు. అక్కడి నాలుగైదు కోర్సుల్లో అతను దీన్ని తనంతట తాను ఎంచుకున్నాడు, దరఖాస్తు చివర ఇష్టపూర్వకంగా అనే వాక్యం కూడా లేదట. తమ పేరులో ఉన్న ఇచ్ఛను నేను మొదటిసారి చూసింది ఆ మెట్ల మీదనే.

అతని సహాధ్యాయుల్లో కొందరు మెడికల్ షాపుల్లో ఉన్నారు. ఉన్నారంటే గోడ మీద ఫ్రేములో ఉన్నారు. 1948 ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇవ్వవలసింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టు. ఆచారం ప్రకారం మందు ఇచ్చేది ఇంటర్ ఆపేసిన కుర్రాడు, ఫార్మసిస్టు సర్టిఫికెట్ నెలకు ఇంత అని అద్దె తెచ్చుకుంటూ వేరే ఊళ్లో ఉంటాడు. వాచిన పెదవులతో మనిషి మొదట వచ్చి నిలబడేది ఆ కౌంటర్ ముందే. ఆ రోజు మూడో బెంచీ అమ్మాయి వెళ్లిందీ అక్కడికే, పంపించిందీ నేనే. ఆ కుర్రాడు అవిల్ ఇచ్చి, డైక్లోఫెనాక్ పడకపోతే ఇంకెప్పుడూ వేసుకోవద్దక్కా, చీటీ మీద రాసి పర్సులో పెట్టుకో అన్నాడట. ఆ మాట నా 45 గంటల్లో లేదు.

నిన్న వచ్చే సెమిస్టర్ పనిభారం పంచారు. తమరు మళ్లీ నాకే దక్కారు. ఆ సంతోషంలో ఆ అమ్మాయికి ఫోన్ చేసి, వివరాలు అడిగి, ఆరేళ్లలో మొదటి ఫారం నింపడానికి కూర్చున్నాను. పేరు అక్కరలేదు, పొడి అక్షరాలు చాలు. వయసు, మందు, తేదీలు, వాపు, అన్నీ అరగంటలో అయిపోయాయి. చివర, నివేదించేవారి వృత్తి అనే గడిలో ఫార్మసిస్టు అని రాశాను. రాశాక అనుమానం వచ్చి, నా రిజిస్ట్రేషన్ గడువు ఎప్పటివరకు ఉందో చూద్దామని బీరువా తెరిచాను. ఇంకా వెతుకుతున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
ఈ ఏడాది కూడా తమకు ఇష్టపూర్వకంగా కేటాయించబడిన అధ్యాపకుడు