పరిహారం జాబితాకు అందని చావులు

మన దగ్గర విపత్తు మృతుల సంఖ్య తేలేది ఎక్స్‌గ్రేషియా ఫైలులో. పంచనామా, పోస్టుమార్టం, రెవెన్యూ సంతకం ఉంటే ఆ చావు లెక్కకొస్తుంది. లేకుంటే మామూలు చావే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్ పనిచేయక ఇన్సులిన్ సీసాకు తడిగుడ్డ చుట్టి కుండలో పెట్టుకున్న వృద్ధుడో, లిఫ్టు ఆగిపోయి డయాలసిస్‌కు వెళ్లలేకపోయిన రోగో పదిహేను రోజులకు కన్నుమూస్తే కాగితం మీద ఉండేది 'గుండె ఆగి మరణం' అనే. తుపాను ఊసే ఉండదు.

విపత్తుల ఎపిడెమియాలజీ, అంటే విపత్తులు ఎవరిని, ఎంతమందిని, ఎలా దెబ్బతీశాయో లెక్కతీసే శాస్త్రం, ఇప్పుడు వెతుకుతున్నది ఇలాంటి చావులనే. ఈ శాస్త్రం ఓనమాలు దిద్దుకున్న చోట్లలో మన బంగాళాఖాతం ఒడ్డు ఒకటి. 1970 నవంబరు తుపాను తర్వాత సోమర్, మోస్లీ అనే వైద్యులు తూర్పు బెంగాల్‌లో (నేటి బంగ్లాదేశ్) సర్వే చేసి కనీసం 2,24,000 మంది పోయారని తేల్చారు. పసివాళ్లు, ముసలివాళ్లు, ఆడవాళ్లే ఎక్కువ. బతికి బయటపడ్డవాళ్ల ఛాతీ మీద, చేతుల మీద, తొడల మీద ఒకే తీరుగా గీరుకుపోయిన గాయాలు. ఉప్పెనలో చెట్టును కావలించుకుని నిలిచిన గుర్తులవి. అంత పట్టు లేనివాళ్లు కొట్టుకుపోయారు.

అప్పటికీ ఇప్పటికీ వచ్చిన మార్పేమిటంటే, పరిశోధకుల చూపు తుపాను రాత్రి దగ్గర ఆగడం లేదు. 2017లో మారియా హరికేన్ (పెనుతుపాను) అమెరికా ఏలుబడిలోని ప్యూర్టోరికో దీవిలో 64 మందిని బలిగొందని అధికారులు ప్రకటించారు. ఆ తర్వాతి నెలల్లో నమోదైన మరణాలను, మామూలుగా ఉండాల్సిన మరణాలతో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ బృందం పోల్చి చూస్తే తేలింది 2,975. మరుసటి ఏడాది ప్రభుత్వమూ ఆ అంకెనే ఒప్పుకుంది. పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు, మరణాల రిజిస్టరు సరిగా ఉంటే చాలు.

వరద తీయగానే మన మున్సిపాలిటీలు వీధులకు ముగ్గేసినట్టు బ్లీచింగ్ చల్లుతాయి. విపత్తు శవాలతో అంటువ్యాధులు రావడం అరుదని, ముప్పంతా తాగేనీటిలో, కిక్కిరిసిన శిబిరాల్లో ఉందని పరిశోధనలు ఏనాడో చెప్పాయి. ఫొటోకు మాత్రం తెల్లపొడే బాగుంటుంది.

గ్యాసు సంగతి మరీ జటిలం. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి లీకైన స్టైరీన్ అనే ప్లాస్టిక్ ముడిసరుకు ఆవిరి 12 మందిని పొట్టనపెట్టుకుంది. దాన్ని పీల్చిన మనిషి మూత్రంలో, ఒంట్లో స్టైరీన్ విరిగి ఏర్పడే మాండెలిక్ ఆమ్లం కనిపిస్తుంది, కొద్ది రోజుల్లో మాయమవుతుంది. ఆలోగా నమూనా తీయకపోతే ఎవరెంత పీల్చారన్నది ఊహే. భోపాల్‌లో 1985 నుంచి భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 80 వేల మందికి పైగా బాధితులను వెంటాడి ఆరోగ్యం నమోదు చేసింది. 1994లో ఆ పని చేతులు మారింది. ఏళ్ల తర్వాత బయటపడే జబ్బును పట్టుకోవాలంటే అంతటి పట్టుదల కావాలి.

మేం కోరేది కొత్త భవనం కాదు. విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) మరణాల రిజిస్టరును వారంవారం గత ఏళ్లతో పోల్చే బాధ్యత ఆంధ్ర మెడికల్ కాలేజీకి అప్పగించాలి. పరవాడ, అచ్యుతాపురం లాంటి ఫ్యాక్టరీల చోట్ల ప్రమాదం జరిగిన తొలి 72 గంటల్లో ఎవరు ఏ ఇంట్లో, ఎంతసేపు ఉన్నారో రాసుకునే ఫారం ఏఎన్‌ఎంలు, ఆశా కార్యకర్తల సంచిలో ముందే ఉండాలి. రక్తం, మూత్రం నమూనాలు ఎవరు తీయాలో, ఎక్కడ దాచాలో ఇప్పుడే తేల్చాలి. ఈ జాబితాను పరిహారంతో ముడిపెట్టనే కూడదు. డబ్బు మాట వస్తే పేర్లు ఎక్కించేవాళ్లూ, కొట్టేయించేవాళ్లూ పుట్టుకొస్తారు.

వెంకటాపురంలో ఆ తెల్లవారుజామున తల్లి కడుపులో ఉన్న పిల్లలు ఇప్పుడు బడి ఈడుకొచ్చారు. గ్యాసు పీల్చినవాళ్ల జాబితాలో తొలి పేజీ వాళ్లకివ్వవచ్చు.