బ్రూనింగ్ గారికి ఒక విగ్రహం

యూరప్‌లోని అతి మితవాద పార్టీలకు కృతజ్ఞత బొత్తిగా లేదు. గెలిచిన రాత్రి జెండాకు మొక్కుతారు, తాతముత్తాతల్ని తలుచుకుంటారు. సర్కారు ఖర్చులు కోసి వాళ్ళకు ఓట్లు పండించి పెట్టిన పొదుపు మంత్రుల్ని మాత్రం ఒక్కడూ తలవడు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికే ఈ నాలుగు ముక్కలు.

మొదటి విగ్రహం జర్మనీ ఛాన్సలర్ హైన్‌రిష్ బ్రూనింగ్ గారికి దక్కాలి. 1928లో నాజీలకు వచ్చినవి 2.6 శాతం ఓట్లు, 12 సీట్లు. 1930లో గద్దెనెక్కిన బ్రూనింగ్ గారు, దేశం మాంద్యంలో మునుగుతుంటే జీతాలు కోశారు, నిరుద్యోగ భృతి కోశారు, పన్నులు పెంచారు. పార్లమెంటు కాదంటే అత్యవసర ఆజ్ఞలతో కానిచ్చారు. ఆయన దిగిపోయిన రెండు నెలలకు, 1932 జూలైలో, నాజీలకు 37.3 శాతం, 230 సీట్లు. ఆ ఏడాది మొదట్లోనే నిరుద్యోగులు 60 లక్షలు దాటారు.

హిట్లర్‌ను తెచ్చింది 1923లో ధరలు ఆకాశానికెక్కి, డబ్బు చిత్తుకాగితమైన నాటి నోట్ల కట్టలేనని ఇంకా చెప్పేవాళ్ళున్నారు. ఆ ఏడాది ఆయన మ్యూనిక్‌లో తిరగబడి జైలుకెళ్ళాడు, అంతే. పీఠం దాకా మోసింది ధరలు పడిపోయిన కాలం. ఇంకో చిత్రం, పని పోయినవాళ్ళలో చాలామంది కమ్యూనిస్టుల వైపు పోయారు. నాజీలకు బాగా దొరికింది చిన్న దుకాణదారులు, రైతులు, అంటే ఉన్నది కూడా పోతుందేమోనని నిద్రపట్టనివాళ్ళు. కాబట్టి అందర్నీ ముంచనక్కర్లేదు. కొందర్ని ముంచి మిగతావాళ్ళకు చూపిస్తే చాలు.

గ్రీసు ఈ పాఠాన్ని శ్రద్ధగా చదివింది. 2009లో అక్కడి అతి మితవాద పార్టీ గోల్డెన్ డాన్‌కు అర శాతం ఓట్లు కూడా రాలేదు. అప్పులిచ్చినవాళ్ళు చెప్పినట్టల్లా పింఛన్లు తెగ్గోశాక, 2012 మేలో 21 సీట్లు. వాళ్ళు ఏథెన్స్‌లో సరుకులు పంచారు. సంచీ అందాలంటే ముందు గుర్తింపు కార్డు తీసి గ్రీకువాడివేనని చూపించాలి. ఆకలికీ పౌరసత్వం ఉంటుందని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. 2020లో కోర్టు ఆ పార్టీని నేరస్థుల ముఠాగా తేల్చింది, అది వేరే సంగతి.

అదే గ్రీసును ఆదుకోవడానికి మన డబ్బు దేనికని జర్మనీలో కొందరు ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్లకు కడుపు మండి, 2013లో ఏఎఫ్‌డీ, అంటే అక్కడి నేటి అతి మితవాద పార్టీ, పుట్టింది. ఒక్క అప్పు, అటు ఒక పార్టీకి ఊపిరి, ఇటు ఇంకో పార్టీకి పురుడు.

ఇంత కష్టపడ్డా స్పెయిన్ చాలాకాలం మాట వినలేదు. 2013లో నిరుద్యోగం 26 శాతం దాటినా, అక్కడి అతి మితవాద పార్టీ వోక్స్ పార్లమెంటులో అడుగుపెట్టింది 2019లోనే. స్విట్జర్లాండ్‌లోనేమో ఏ కష్టమూ లేకుండానే ఇలాంటి పార్టీ అన్నిటికన్నా పెద్దది. అక్కడ మంత్రుల శ్రమ కూడా అక్కర్లేకపోయింది, ఊహించుకున్న కష్టమే సరిపోయింది.

విగ్రహం సంగతి ఆర్థిక శాఖకు రాశాను. పొదుపు అమల్లో ఉంది, నిధుల్లేవన్నారు. ఎందుకు లేవని అడిగితే, పక్క పార్టీ ఆఫీసు నుంచి జవాబొచ్చింది: వలసొచ్చినవాళ్ళు తినేశారట.